పాత లౌడ్‌స్పీకరుకు పునర్జీవం

పాత లౌడ్‌స్పీకరులో శ, ష, స అక్షరాలు మసకబారి వినిపిస్తే పెట్టెను పారవేయనక్కరలేదు. ముందుగా క్రాసోవరును పరీక్షించాలి. మంద్రధ్వనులను వూఫరుకు, తారధ్వనులను ట్వీటరుకు పంచే విభాగమది. అందులోని తీగచుట్టలు సాధారణంగా చెడవు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలోని ద్రవం మాత్రం కాలక్రమేణా ఆరిపోయి, వాటి అంతర్నిరోధం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం దాదాపు సగమవుతుంది. తుమ్మలపల్లె వంటి ఎండసీమలో ఇది మరువరాని విషయం.

వాటి స్థానంలో అదే విలువగల పాలీప్రొపిలీన్ కెపాసిటర్లను అమర్చాలి. 8 ఓముల ట్వీటరుకు ముందు 4 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒక్కటే ఉంటే, ధ్వని విభజన సుమారు 5,000 హెర్ట్‌జుల వద్ద జరుగుతుంది. విలువ మారితే ఆ హద్దూ మారుతుంది. కొత్తవాటి అంతర్నిరోధం అత్యల్పం గనుక ధ్వని మరీ పదునెక్కితే, వరుసలో చిన్న నిరోధకాన్ని చేర్చాలి. జంట పెట్టెలు రెండింటిలోనూ ఈ మార్పు ఒకేసారి జరగాలి. తొలినాటి స్వరాన్ని నిలబెట్టడమే పునరుద్ధరణ.