జూన్‌లో పంచిన పుస్తకం.. దీపావళికే ఖతం!

* పలక చెరిపితే మళ్లీ కొత్తదే.. నోటు పుస్తకం నిండితే అంతే
* పంచుడంతా బడి తెరిచిన వారమే.. అవసరం మాత్రం ఏడాదంతా
* సరిహద్దు బడుల్లో దాతలు గమనించాల్సిన సంగతులు

నాందేడ్: నాందేడ్‌లో రైలెక్కితే ముద్ఖేడ్, ఉమ్రీ, ధర్మాబాద్ దాటగానే వచ్చేది బాసర. ఇటువైపు తెలుగు కుటుంబాలెన్నో పిల్లలకు అక్షరాభ్యాసం ఆ గోదావరి ఒడ్డునే చేయిస్తాయి. తమ బిడ్డతో పలక మీద అక్షరాలు దిద్దించి, పక్కనున్న మరో నలుగురు పిల్లలకు పలకలు, బలపాలు పంచడం మనవాళ్ల ఆనవాయితీ. అంటే మన ఇళ్లలో చదువు మొదలయ్యేదే దానంతో!

పలకకో సుగుణముంది. చెరిపితే చాలు, మళ్లీ కొత్తదే. రెండేళ్లయినా పనికొస్తుంది. రెండో తరగతి దాటాక పిల్లల చేతికొచ్చే నోటు పుస్తకం అలా కాదు. రాసిన కొద్దీ తరుగుతుంది. జూన్‌లో బడి తెరిచిన వారంలో పంచిన పుస్తకాలు దసరా నాటికి సగమై, దీపావళి సెలవులకు అట్టలు మిగులుతాయి. సెలవులయ్యాక రెండో టర్మ్ మొదలవుతుంది. తరగతిలో 'గురూజీ, వహీ సంప్లీ' అనే మాట వినపడేది అప్పుడే. నోటు పుస్తకాన్ని ఇక్కడ బడిలోనే కాదు, తెలుగిళ్లలో కూడా 'వహీ' అనే అంటారు. వహీ అయిపోయిందని చెప్పడానికి సిగ్గుపడే పిల్ల ఊరికే కూర్చుంటుంది. లేదంటే పాత పుస్తకం మార్జిన్లలో ఇరికించి రాస్తుంది. ఆ సమయానికి పంచేవాళ్లు ఎవరూ కనిపించరు.

పుస్తకం సర్కారుది.. వహీ ఇంటిది

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని కింద కేంద్రం రూపొందించిన నమూనా నియమాల్లో సర్కారు బడి పిల్లలకు ఉచిత పాఠ్యపుస్తకాలు, యూనిఫాంతో పాటు 'రాత సామగ్రి' కూడా ఇవ్వాలని ఉంది. పాఠ్యపుస్తకాల సంగతి బాగానే ఉంది. పుణెలోని బాలభారతి సంస్థ 1967 నుంచి వాటిని తయారుచేస్తోంది. మరాఠీ, ఉర్దూలతో పాటు తెలుగులోనూ అచ్చేస్తుంది. సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఉచితం. కానీ నోటు పుస్తకం, పెన్ను, కంపాస్ పెట్టె మాత్రం తల్లిదండ్రుల నెత్తినే పడ్డాయి.

ఈ వెలితిని సర్కారు గుర్తించకపోలేదు. 2023-24లో మహారాష్ట్ర ఓ ప్రయోగం చేసింది. పాఠ్యపుస్తకంలోనే పాఠాల మధ్య తెల్ల కాగితాలు కుట్టించింది. పేదపిల్లలు వేరే వహీ కొనక్కరలేదని, సంచి బరువూ తగ్గుతుందని ఆశించింది. అనుకున్నట్టు జరగలేదు. ఆ నాలుగు కాగితాలు ఏడాదికి ఏం సరిపోతాయి? పిల్లలు వహీలు మోయడం మానలేదు. చివరకు 2025 జనవరిలో ఆ పద్ధతికి స్వస్తి పలికారు. భారం మళ్లీ ఇంటి మీదకే వచ్చింది.

ఆడపిల్లల కోసం మరో పథకముంది. ఎస్సీ, ఎస్టీ, విముక్త, సంచార తెగల బాలికలు ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా బడి మానకుండా ఉండాలని 1992లో సావిత్రీబాయి ఫులే పేరుతో హాజరు భత్యం పెట్టారు. ఎంతంటే.. రోజుకు ఒక్క రూపాయి! ఏడాదంతా రోజూ బడికెళ్తే గరిష్ఠంగా 220 రూపాయలు. ఆనాటికి అదో ఆసరానే. ఈనాటి ధరలకు వహీలు, పెన్నులకే చాలదు.

కాస్త ఊరట ఏమిటంటే 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. అంతకుముందు నోటు పుస్తకంపై 12 శాతం ఉండేది. దాతలకూ ఇది కలిసొచ్చేదే.

గట్టు అవతల ఇలా..

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, భోకర్, కిన్వట్ తాలూకాల్లో ఒక్కో ఇంట్లో అన్న కూతురు ఇక్కడ మరాఠీ బడికి పోతే, అత్త కొడుకు నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ వైపు తెలుగు బడికి పోతుంటాడు. సెలవుల్లో కలిసినప్పుడు సంచులు పోల్చి చూసుకోవడం మామూలే. 1956 నవంబరు 1 దాకా అంతా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఇప్పుడు గీత అటో తీరు, ఇటో తీరు.

తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు పదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు ఉచితం. 2023 నుంచి హైస్కూలు పిల్లలకు నోటు పుస్తకాలూ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న జగనన్న విద్యాకానుక పేరుతో సంచి, బూట్లు, యూనిఫాం, నోటు పుస్తకాలు కలిపి కిట్టుగా ఇవ్వడం మొదలుపెట్టారు. 2024లో సర్కారు మారాక దాన్నే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్రగా పేరు మార్చి కొనసాగించారు. 2018లో ధర్మాబాద్ తాలూకాలోని పలు గ్రామాల సర్పంచులు తమను తెలంగాణలో కలపాలని కోరినప్పుడు చెప్పిన కారణాల్లో అక్కడి సంక్షేమ పథకాలే ప్రధానం. పిల్లల సంచిలో తేడా కూడా పెద్దల మనసులో నాటుకుంటుంది మరి.

తొమ్మిదిలోకి పోతే తిప్పలే

దాతలు ఎక్కువగా వెళ్లేది ప్రాథమిక బడికే. చిన్నపిల్లలు ముద్దుగా ఉంటారు, వరుసగా నిలబడతారు, ఫొటో బాగా వస్తుంది. కానీ అసలు కటకట తొమ్మిది, పది తరగతుల్లో! మహారాష్ట్రలో ఉచిత పాఠ్యపుస్తకం ఎనిమిదితోనే ఆగుతుంది. తొమ్మిదిలో పుస్తకాలు కొనాలి. సైన్సు ప్రయోగాల వహీ కావాలి, గ్రాఫ్ కాగితాలు కావాలి, భూగోళానికి పటాలు కావాలి. ఊరి బడి ఏడుతోనో ఎనిమిదితోనో అయిపోతే పక్కూరికి బస్సు ఖర్చు అదనం. ఇంట్లో ఇద్దరు చదువుకునేవాళ్లుంటే ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే.

నాందేడ్ పట్టణం డాక్టరు, ఇంజినీరు కోచింగ్‌లకు పేరు. మరాఠ్వాడా నలుమూలల నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుతారు. అదే జిల్లాలో కంపాస్ పెట్టె లేక రేఖాగణితం పక్కబెంచీ పిల్లాడి వృత్తలేఖినితో గీసే పిల్లలూ ఉన్నారు. రెండింటికీ మధ్య దూరం బస్సు టికెట్టంతే!

దీపావళి దాటితే వలస బాట

ముఖేడ్, కంధార్, లోహా, కిన్వట్ వైపు మెట్ట పొలాలే ఎక్కువ. ఖరీఫ్ పంట చేతికొచ్చాక పని ఉండదు. దీపావళి దాటగానే కొన్ని కుటుంబాలు చెరకు కోతకు పశ్చిమ మహారాష్ట్రకు, ఇటుక బట్టీలకు, భవన నిర్మాణ పనులకు తెలంగాణకు కదులుతాయి. మూట ముల్లెతో పాటు పిల్లలూ కదులుతారు. వలసపోయే పిల్లల కోసం సర్కారు 'శిక్షణ్ హమీ కార్డు' తెచ్చింది. పిల్ల ఎక్కడికి పోయినా ఆ కార్డు చూపితే అక్కడి బడిలో చేర్చుకోవాలి. తల్లిదండ్రులు వలసపోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదివేందుకు సీజనల్ హాస్టళ్లూ పెట్టారు.

ఈ పిల్లలకు జూన్‌లో ఇచ్చే డజను పుస్తకాల కన్నా, ఊరు విడిచే ముందు ఇచ్చే నాలుగు పుస్తకాలు, ఓ చిన్న సంచి ఎక్కువ విలువైనవి. బట్టీ దగ్గర గుడిసెలో ఆ సంచి ఉంటే బడి గుర్తుంటుంది. తిరిగొచ్చాక తరగతిలో కూర్చోవడానికి ధైర్యముంటుంది. తెలంగాణ బట్టీల దగ్గరుండే తెలుగువాళ్లకు ఇదో అవకాశం. అక్కడికొచ్చిన మరాఠీ పిల్లలకు రెండు వహీలిచ్చి, దగ్గర్లోని బడికి దారి చూపితే చాలు.

వరదకు తడిసిన దప్తర్

అవసరం క్యాలెండర్ చూసి రాదనడానికి 2025 ఆగస్టే సాక్ష్యం. ఆ నెల 18న ముఖేడ్ తాలూకాలో కుండపోత కురిసింది. మహారాష్ట్ర, తెలంగాణ ఉమ్మడి ప్రాజెక్టు లేండి నీళ్లు వెనక్కి తన్ని హసనాళ్, రావణ్‌గావ్, భాస్వాడి, భింగోలి గ్రామాలను ముంచాయి. ప్రాణాలు పోయాయి. సైన్యం దిగాల్సి వచ్చింది. పది రోజులు తిరక్కుండానే గట్టు అవతల కామారెడ్డి జిల్లా కూడా మునిగింది.

బడి తెరిచి అప్పటికి రెండు నెలలే. ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు బియ్యం మూట, పత్రాల పెట్టె అటక మీదికి ఎక్కుతాయి. దప్తర్.. అంటే పుస్తకాల సంచి.. గోడకున్న మేకుకే వేలాడుతుంది. వరద సాయంలో ముందు తిండి, గుడ్డ, మందులు రావడం న్యాయమే. ఆ తర్వాతి వారంలో పిల్లలకు కావాల్సింది సంచి. బడికి పోయే పిల్ల ఇంటి బురద నుంచి కాసేపైనా బయటపడుతుంది.

పువ్వుల బదులు పుస్తకం

ఇచ్చే గుణానికి ఈ నేల మీద కొదవ లేదు. కర్మవీర్ భావురావ్ పాటిల్ 1919లో రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించి, ఇంటింటా పిడికెడు ధాన్యం అడిగి హాస్టళ్లు నడిపారు. పిల్లల తిండి కోసం ఆయన భార్య లక్ష్మీబాయి ఒంటి మీది నగలు సైతం ఇచ్చేశారు. ఇటీవలి కాలంలో మహారాష్ట్రలో 'ఏక్ వహీ, ఏక్ పెన్' ఉద్యమం పాకింది. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి, డిసెంబరు 6న వర్ధంతికి పూలు, కొవ్వొత్తుల బదులు ఓ నోటు పుస్తకం, ఓ పెన్ను తెచ్చి ఇస్తారు. అలా పోగైనవి పేద పిల్లలకు చేరతాయి. తెలంగాణలో పలువురు కలెక్టర్లు సైతం కొత్త సంవత్సరానికి బొకేలొద్దు, నోటు పుస్తకాలు తెమ్మని కోరారు.

ఈ తేదీలు చూడండి.. డిసెంబరు, జనవరి! సరిగ్గా జూన్ పుస్తకాలు నిండిపోయే సమయం. నాయకుల పుట్టినరోజులకు, ఇంట్లో పెద్దల సంవత్సరీకాలకు, బాసర అక్షరాభ్యాసాలకు పంచే తెలుగు కుటుంబాలు కూడా ఈ లెక్క చూసుకుంటే ఖర్చు అంతే, ఫలం రెండింతలు.

ఇవ్వదలిస్తే.. ఇవి గుర్తుంచుకోండి

* కొనే ముందు హెడ్‌మాస్టరును అడగండి. మరాఠీకి ఒంటి గీత, ఇంగ్లిష్‌కు నాలుగు గీతలు, లెక్కలకు గళ్ల పుస్తకం కావాలి. ఒకే రకం వంద కొంటే సగం మూలన పడతాయి.
* ఉన్నదాన్ని రెండుగా చేయండి. సగం జూన్‌లో, సగం దీపావళి సెలవుల తర్వాత ఇవ్వండి. లేదా బడి బీరువాలో పెట్టి, నిండిన వహీ చూపిన పిల్లకు కొత్తది ఇవ్వమనండి.
* తొమ్మిది, పది తరగతులను మరవొద్దు. ప్రయోగాల వహీ, కంపాస్ పెట్టె, పరీక్షల అట్ట వాళ్లకు ముఖ్యం.
* పై తరగతికి వెళ్లిన పిల్లల పుస్తకాలు పారేయొద్దు. చాలా బడుల్లో 'పుస్తక్ పేఢీ' ఉంటుంది. అక్కడిస్తే కింది తరగతి పిల్లలకు చేరతాయి.
* పేదపిల్లలెవరో లేచి నిలబడమని పేర్లు పిలిపించొద్దు. తరగతికంతా ఇవ్వండి. కుదరకపోతే ఉపాధ్యాయుల చేత చాటుగా ఇప్పించండి. తీసుకునే చేయి ఫొటోలో పడకపోతే మరీ మంచిది.
* తెలుగు పిల్లలుంటే వహీతో పాటు ఓ తెలుగు కథల పుస్తకం పెట్టండి. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు అమ్మ భాష అక్షరాలు కళ్లబడేది అలాగే.

పలక ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. వహీ ఇచ్చినవాళ్లు మాత్రం ఏడాదిలో రెండోసారి కూడా బడి గడప తొక్కాలె. అప్పుడే ఆ పిల్ల రాత మధ్యలో ఆగకుండా ఉంటది.