పీల్చే ప్రొటీన్: ఊపిరితిత్తుల దారిలో మందు ప్రయాణం

ఇన్సులిన్ మొదలుపెట్టాలని డాక్టర్ చెప్పగానే షుగర్ ఉన్నవాళ్లలో చాలామంది అడిగే మాట ఒకటే: "సూది కాకుండా మాత్ర లేదాండీ?" ఇన్సులిన్ ఒక ప్రొటీన్. 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా కూడి, ఒక ప్రత్యేకమైన ఆకారంలో మడత పడితేనే అది ఇన్సులిన్. కడుపులోకి వెళితే జీర్ణరసాలకు దానికీ పప్పులోని ప్రొటీన్‌కూ తేడా తెలియదు. రెంటినీ ముక్కలు చేసి అరిగించేస్తాయి. అరగకుండా కొంత మిగిలినా, అంత పెద్ద అణువు పేగు గోడను దాటి రక్తంలో కలవడం కష్టం. అందుకే 1922 జనవరిలో టొరంటోలో ఒక పిల్లవాడికి మొదటి ఇన్సులిన్ ఎక్కించినప్పటి నుంచి సూదే దిక్కయింది.

సూది తప్పించుకునే దారి కోసం వెతుకులాట కూడా అప్పుడే మొదలైంది. ఆ దశాబ్దంలోనే జర్మనీలో వైద్యులు ఇన్సులిన్‌ను తుంపరగా మార్చి రోగుల చేత పీల్పించారు. ఆ తుంపర మందుల షాపులో దొరికే సరుకుగా మారడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. వచ్చాక రెండేళ్లు కూడా నిలవలేదు. ఎందుకలా జరిగిందో అర్థం కావాలంటే ముందు ఊపిరితిత్తుల కట్టడం చూడాలి.

పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో 30 నుంచి 50 కోట్ల దాకా వాయుగోణులు, అంటే బుల్లి గాలిగదులు ఉంటాయి. అన్నింటినీ విప్పి పరిస్తే 70 నుంచి 100 చదరపు మీటర్ల వైశాల్యం. ఆ గదుల్లోని గాలికీ పక్కనే పారే రక్తానికీ మధ్య ఉన్న పొర మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ఇంత విశాలమైన, ఇంత పలచటి పొర ఒంట్లో ఇంకెక్కడా లేదు. మందులు తయారుచేసేవాళ్లకు ఆశ పుట్టించింది ఇదే.

కానీ ఊపిరితిత్తులు రోజంతా చేసే పని గాలిని రానిచ్చి, మిగతావాటిని రాకుండా చూడటం. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు బరువైన గింజ దగ్గర్లోనే పడిపోతుంది, పొట్టు గాలితో పాటు ఎగిరిపోతుంది. శ్వాసమార్గంలోనూ అంతే. 5 మైక్రాన్ల కంటే పెద్ద రేణువు గొంతు మలుపు దగ్గర గాలితో పాటు తిరగలేక గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది, తర్వాత మింగుడులో కడుపులోకి పోతుంది. ఒక మైక్రాన్ కంటే చిన్నవాటిలో చాలావరకు ఎక్కడా దిగకుండా నిశ్వాసతో బయటికి వచ్చేస్తాయి. గాలిగదుల దాకా చేరాలంటే రేణువు ఒకటి నుంచి మూడు మైక్రాన్ల మధ్య ఉండాలి. మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు.

సరైన సైజులో ఉన్నా గండాలు తీరవు. మధ్యదారిలో దిగినవాటిని సూక్ష్మమైన కేశాలు కఫంతో సహా పైకి నెట్టేస్తాయి. గాలిగదుల్లో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు తిరుగుతుంటాయి. పరాయిదని తోచినదాన్ని అవి మింగేస్తాయి.

ఇక ప్రొటీన్‌ను అంత సన్నని తుంపరగానో పొడిగానో మార్చడం ఎలా? ఉడికిన గుడ్డులోని తెల్లసొన మళ్లీ జావ కాదు. వేడికి దానిలోని ప్రొటీన్ మడతలు విప్పుకుని, ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి కనుక. మందు ప్రొటీన్‌కు ఈ ప్రమాదం వేడితోనే కాదు, గాలి తగిలినా వస్తుంది. నీరూ గాలీ కలిసే అంచున ప్రొటీన్ అణువు విప్పుకుపోతుంది. తుంపర అంటేనే అలాంటి అంచులు కోట్లకొద్దీ పుట్టడం. ఆస్పత్రుల్లో మనం చూసే మామూలు నెబ్యులైజర్‌లో ఇంకో చిక్కుంది. అందులో పుట్టే చుక్కల్లో పెద్దవి అడ్డుగోడకు తగిలి తిరిగి కప్పులోకే జారిపోతాయి, మళ్లీ చితుకుతాయి. నోట్లోకి వెళ్లేలోపు ఒకే ప్రొటీన్ అణువు ఎన్నోసార్లు ఈ దెబ్బ తింటుంది. అల్ట్రాసోనిక్ రకం పరికరం మందును వేడెక్కిస్తుంది కూడా. అందుకే ఈమధ్య సన్నని జల్లెడ లాంటి రేకును కంపింపజేసి, ఆ రంధ్రాల గుండా మందును తోసే మెష్ నెబ్యులైజర్లకు మొగ్గు చూపుతున్నారు.

రెండో దారి పొడి. ప్రొటీన్ ద్రావణంలో ట్రెహలోజ్ లేదా మానిటాల్ వంటి చక్కెర పదార్థాన్ని కలిపి వెచ్చని గాలిలోకి చిమ్ముతారు. నీరు క్షణాల్లో ఆవిరై, చక్కెర గాజులా గట్టిపడి, ప్రొటీన్‌ను మడత చెదరకుండా పట్టి ఉంచుతుంది. అయితే రెండు మైక్రాన్ల పొడి పరమ జిగురుగా ఉంటుంది, ఉండకట్టేస్తుంది. కాస్త తేమ తగిలితే మరీను. మన కాకినాడ, విశాఖ వానాకాలపు గాలి అలాంటి పొడికి పెద్ద పరీక్ష. అంటుకోకుండా ఉండేందుకు ల్యూసిన్ వంటివి కలుపుతారు కానీ, ఏది పడితే అది కలపడానికి వీల్లేదు. ఊపిరితిత్తుల్లోకి పంపినా ఇబ్బంది లేదని రుజువైన పదార్థాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఇప్పుడు, రెండేళ్లు కూడా నిలవలేదని మొదట్లో చెప్పిన ఆ మందు, ఎక్సుబెరా సంగతి. ఫైజర్ తెచ్చిన ఈ పీల్చే ఇన్సులిన్ పొడికి 2006 జనవరిలో అమెరికాలోనూ ఐరోపాలోనూ అనుమతి వచ్చింది. మందు పనిచేసింది, చక్కెరను అదుపులో పెట్టింది. కానీ వాడటమే ఒక తతంగం. పొడి ఉన్న చిన్న అట్టను పరికరంలో దూర్చాలి. హ్యాండిల్ లాగి నొక్కి గాలిని బిగించాలి. మీట నొక్కగానే పైనున్న పారదర్శకమైన గొట్టంలో పొడి మేఘంలా లేస్తుంది. అప్పుడు నోరు పెట్టి నిదానంగా పీల్చి, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి. సాగదీస్తే అడుగు పొడవుండే ఆ గొట్టాన్ని పదిమందిలో భోజనానికి ముందు బయటికి తీయడం ఎవరికి ఇష్టం? మోతాదు లెక్క ఇంకా ఇబ్బంది. అందరికీ అలవాటైన యూనిట్లు కాకుండా మిల్లీగ్రాముల్లో ఇచ్చారు. ఒక మిల్లీగ్రాము పొట్లం దాదాపు మూడు యూనిట్ల సూదికి సమానం. మూడు మిల్లీగ్రాముల పొట్లం దాదాపు ఎనిమిదికి. కాబట్టి మూడు చిన్న పొట్లాలు ఒక పెద్ద పొట్లానికి సమానం కావు. పొరబడితే చక్కెర పడిపోయే ప్రమాదం. పైగా మిల్లీగ్రాము ఇన్సులిన్ అంటే 28 యూనిట్ల సరుకు. అందులో సుమారు తొమ్మిదో వంతే పనికొచ్చినట్టు. మిగతాదంతా దారిఖర్చు.

2007 అక్టోబరులో ఫైజర్ దాన్ని ఆపేసి, 280 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది. మరుసటి ఏడాది నోవో నార్డిస్క్, ఎలీ లిల్లీ తమ ప్రయత్నాలను మూసేశాయి. అదే 2008లో ఇంకో సమాచారం బయటికొచ్చింది. ప్రయోగాల్లో ఎక్సుబెరా వాడినవాళ్లలో ఆరుగురికి, వాడని పోలిక బృందంలో ఒకరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కనిపించింది. అందరూ గతంలో పొగ తాగినవాళ్లే. అంత చిన్న సంఖ్యతో మందే కారణమని తేల్చలేం. కానీ ఇన్సులిన్‌కు కణాల పెరుగుదలను ప్రోత్సహించే గుణం ఉన్నందున ఆ అనుమానాన్ని తోసిపుచ్చడమూ సరికాదు. రోజుకు మూడు పూటలా, ఏళ్ల తరబడి, ఏ జబ్బూ లేని ఊపిరితిత్తుల్లోకి ప్రొటీన్‌ను పంపడం చిన్న నిర్ణయం కాదని నా అభిప్రాయం.

ఆల్ఫ్రెడ్ మాన్ అనే వ్యాపారవేత్త మాత్రం వదల్లేదు. ఆయన మాన్‌కైండ్ సంస్థ తెచ్చిన అఫ్రెజాను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెండుసార్లు వెనక్కి పంపి, 2014 జూన్‌లో ఒప్పుకుంది. ఇందులో ఇన్సులిన్‌ను మోసుకెళ్లే స్ఫటికాలు సుమారు రెండున్నర మైక్రాన్ల సైజులో ఉండి, ఊపిరితిత్తుల్లోని తటస్థమైన తేమ తగలగానే కరిగిపోతాయి. దాదాపు పావుగంటలో రక్తంలో ఇన్సులిన్ పతాక స్థాయికి చేరుతుంది. పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది. మన దేశంలో పెద్దవాళ్లకు వాడేందుకు 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది, పంపిణీ హక్కు సిప్లాది.

ఎవరైనా దీని గురించి అడిగితే ముందుగా చెప్పాల్సినవి కొన్ని. ఉబ్బసం, సీఓపీడీ వంటి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు వాడకూడదు. శ్వాసనాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. పొగతాగేవాళ్లకు ఇవ్వరు. మొదలుపెట్టే ముందు, ఆరు నెలలకు, ఆ తర్వాత ఏటా స్పైరోమెట్రీ, అంటే ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష చేయించాలి. ఇది భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌కు బదులు మాత్రమే. టైప్-1 షుగర్ ఉన్నవాళ్లకు దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ సూది తప్పదు. కట్టెల పొయ్యి పొగ పీల్చి, క్షయ వచ్చి తగ్గి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు మన పల్లెల్లో ఎందరో. స్పైరోమెట్రీ యంత్రం జిల్లా కేంద్రం దాటితే కనిపించడం అరుదు. ఆ పరీక్ష లేకుండా ఈ మందు రాయడం తప్పు.

ఇన్సులిన్ కథలో ఊపిరితిత్తులు రక్తంలోకి వెళ్లే గుమ్మం మాత్రమే. మందు చేరాల్సిన చోటే ఊపిరితిత్తులైతే లెక్క మారిపోతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో కఫం చిక్కటి బంకలా తయారవుతుంది. సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాల నుంచి బయటపడిన డీఎన్ఏ పోగులు దాన్ని ఇంకా బిగిస్తాయి. ఆ పోగులను కత్తిరించే ఎంజైమే డోర్నేజ్ ఆల్ఫా. జెనెన్‌టెక్ తయారుచేసిన దీనికి 1993 డిసెంబరులో అనుమతి వచ్చింది, నేటికీ వాడుతున్నారు. రెండున్నర మిల్లీలీటర్ల ప్లాస్టిక్ గొట్టం, రోజుకు ఒకటి. ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా దాచాలి. నెబ్యులైజర్‌లో మరే మందుతోనూ కలపకూడదు. రక్తంలోకి వెళ్లాల్సిన పని లేదు కనుక కఫం మీద పడితే చాలు. మోతాదు కాస్త అటూ ఇటూ అయినా ఇన్సులిన్‌లా ప్రాణం మీదికి రాదు. ఈ రంగంలో పరిశోధన డబ్బు ముందుగా వెళ్లాల్సింది ఇలాంటి మందులకేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ దారీ పూలబాట కాదు. కోవిడ్ రోగుల కోసం బ్రిటన్‌కు చెందిన సినైర్జెన్ పీల్చే ఇంటర్‌ఫెరాన్ బీటాను పరీక్షించింది. చిన్న ప్రయోగంలో ఆశ చూపిన ఆ మందు 2022లో పెద్ద ప్రయోగంలో నిలబడలేదు. ప్రొటీన్ ఊపిరితిత్తుల్లోకి చేరినా, సరైన రోగికి సరైన రోజున చేరాలి.

ఇక మన సంగతికొస్తే, హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే జన్యుసాంకేతికతతో హెపటైటిస్-బి టీకా ప్రొటీన్‌ను తయారుచేసి చూపింది. ప్రొటీన్ చేయడం మనవాళ్లకు కొత్త కాదు. దాన్ని పీల్చదగ్గ పొడిగా మార్చే ఇంజనీరింగ్, పరికరాల తయారీ, ఊపిరితిత్తుల మీద దీర్ఘకాల పరీక్షలు ఒకే చోట కలవాలి.

అలా కలిసినప్పుడు ఏం చేయొచ్చో ఒక అరుదైన జబ్బు చూపిస్తోంది. పల్మనరీ ఆల్వియోలార్ ప్రొటీనోసిస్‌లో గాలిగదులను తెరిచి ఉంచే సహజమైన జిడ్డు పదార్థం తొలగకుండా పేరుకుపోయి, రోగికి ఊపిరాడదు. కాపలా కణాలు ఆ జిడ్డును అరిగించాలంటే జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రొటీన్ సంకేతం కావాలి. ఎక్కువ కేసుల్లో రోగి సొంత యాంటీబాడీలే ఆ సంకేతాన్ని అడ్డుకుంటాయి. దశాబ్దాలుగా ఉన్న చికిత్స, మత్తు ఇచ్చి ఒక ఊపిరితిత్తితో శ్వాస నడిపిస్తూ రెండోదాన్ని లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడగడం. కడిగిన నీళ్లు పాలలా తెల్లగా బయటికొస్తాయి. ఇప్పుడు ఆ జీఎం-సీఎస్ఎఫ్‌నే నెబ్యులైజర్‌తో పీల్పిస్తున్నారు. జపాన్ 2024లో దీనికి అనుమతి ఇచ్చింది. మిగతా ప్రొటీన్ మందులను దారిలో మింగేసే ఆ మాక్రోఫేజ్‌లనే ఈ మందు వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ పనిలో పెడుతుంది.