గర్భిణి ఆహారము - రక్తములోని చక్కెర

గర్భిణి ఇద్దరి తిండి తినవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలోని ప్రేమ కాదనరానిది. లెక్క మాత్రము సరికాదు. నెలలు నిండినకొలది మాయలో పుట్టు హార్మోనులు ఇన్సులిన్ పనిని అడ్డగించును. అందుచే కొందరికి రక్తమున చక్కెర హెచ్చును. అది బిడ్డకును చేరును. బిడ్డ అతిగా బరువెక్కి కాన్పు కష్టమగును, పుట్టిన వెంటనే శిశువు రక్తమున చక్కెర పడిపోవచ్చును.

తరచుగా తల్లికి బాధ యేమియు తెలియదు. కావున పరీక్షయే దారి. 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటలకు రక్తము పరీక్షింతురు. డెసీలీటరుకు 140 మిల్లీగ్రాములుగాని, అంతకు మించిగాని యున్నచో వ్యాధి కలదన్నమాట. మొదట లేకున్నను 24-28 వారముల నడుమ మరల చూపించుకొనవలెను.

వ్యాధి తేలినదని పస్తుండరాదు. అన్నము మానవలసిన పనియు లేదు. కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, మజ్జిగ హెచ్చింపవలెను. మూడు పూటల భోజనము, నడుమ చిరుతిండి - ఇట్లు పంచుకొని తినవలెను. రాగిజావ మంచిదే, బెల్లము వేయనంతవరకు. బెల్లమును చక్కెరయే కదా! రెండు వారములు ఇట్లు నడచినను, భోజనమైన రెండు గంటలకు చక్కెర 120కి లోబడనిచో వైద్యులు మందుగాని ఇన్సులిన్‌గాని ఇత్తురు. అది తల్లి తప్పు కాదు.

కాన్పయిన ఆరు వారములకు అదే పరీక్ష మరియొకసారి చేయించుకొనవలెను.