పాలు తాగే బిడ్డకు మూర్ఛ ఎందుకు వస్తుంది?

మగ్‌రిబ్ నమాజు ముగించుకొని నమాజీలు బయటికి వచ్చే వేళకు, మస్జిద్ మెట్ల దగ్గర పసిబిడ్డలను ఎత్తుకొని నిలబడే తల్లులు మన ఊళ్ళలో తరచు కనబడతారు. వారిలో ముస్లిమేతర సోదరీమణులూ ఉంటారు. బిడ్డ ఉలిక్కిపడుతోందనో, కళ్ళు తేలవేస్తోందనో చెప్పి దమ్ చేయమంటారు. దువా చేయడంలో దోషమేమీ లేదు. దైవప్రవక్త (స) స్వయంగా తమ మనుమలు హసన్, హుసైన్ (రజి)ల కోసం అల్లాహ్ శరణు వేడేవారు. అయితే అంతటితో పని పూర్తయిందని భావించి ఇంటికి మరలిపోయేవారిని చూస్తే ఆందోళన కలుగుతుంది. రెండు మూడు నెలల పసికందు జ్వరం లేకుండానే కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోందంటే, రక్తంలో కాల్షియం ప్రమాదకర స్థాయికి పడిపోయి ఉండవచ్చు. దీనికి గల ముఖ్య కారణాలలో విటమిన్ డి లోపం ఒకటి.

నెలలు నిండి పుట్టిన శిశువు శరీరంలో దాదాపు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో నూటికి ఎనభై పాళ్ళు గర్భంలోని చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి చేరుతుంది. బొడ్డుతాడు కోసిన క్షణం నుంచి ఆ సరఫరా ఆగిపోతుంది. ఇక బిడ్డ తాగే పాలలోని కాల్షియాన్ని పేగులు పీల్చుకోవాలి. ఆ పనికి విటమిన్ డి కావాలి. ఈ విటమిన్ నిల్వ కూడా తల్లి ఇచ్చినదే. తల్లి రక్తంలో అది తక్కువగా ఉంటే బిడ్డకు అంతకన్నా తక్కువే దక్కుతుంది. బిడ్డ వేగంగా పెరుగుతూ ఉంటే ఆ కొద్దిపాటి నిల్వ కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. అందుకే పుట్టినప్పుడు బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకే ఉన్నట్టుండి మూర్ఛ రావడం చూసి ఇంటిల్లిపాదీ నిర్ఘాంతపోతారు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. రెండు సంవత్సరాలు పాలివ్వమని దివ్య ఖుర్ఆన్ బోధించింది కదా, ఆ పాలలో లోపమెలా ఉంటుంది? పాలలో లోపం లేదు. ఇతర పోషకాల వలె ఈ విటమిన్‌ను అల్లాహ్ ప్రధానంగా ఆహారంలో పెట్టలేదు. సూర్యరశ్మి చర్మంపై పడినప్పుడు శరీరంలోనే తయారయ్యేలా ఏర్పాటు చేశాడు. లీటరు తల్లిపాలలో ఇది సాధారణంగా వంద యూనిట్లకు మించదు. బిడ్డకు రోజుకు కావలసినది 400 యూనిట్లు. తల్లికే ఎండ సోకనప్పుడు పాలలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎండ ప్రస్తావన రాగానే కొందరు పరదాపై నెపం వేస్తారు. ఈ చర్చ కొత్తది కాదు. 1922లో హచిసన్, షా అనే వైద్యులు నాసిక్ ప్రాంతంలో తాము గమనించిన విషయాలను ప్రచురించారు. ఎముకలు మెత్తబడి వంకరపోయే రికెట్స్ వ్యాధి, తిండికి లోటు లేని సంపన్నుల ఇళ్ళలో వారికి కనిపించింది. ఆ ఇళ్ళలో స్త్రీలు బయటికి వచ్చేవారు కాదు, శిశువులనూ నెలల తరబడి గదులు దాటించేవారు కాదు. అక్కడ ముస్లిములే కాదు, అగ్రవర్ణ హిందువులూ ఉన్నారు. చాలీచాలని తిండితో పొలాల్లో పనిచేసే పేదల పిల్లలు మాత్రం ఆ వ్యాధికి దూరంగా ఉన్నారు. షరీఅత్ ఆదేశించిన పరదా పరపురుషుల ఎదుట మాత్రమే. ఇంటి పెరట్లో, చాటున్న డాబా మీద ముఖం, చేతులు, పాదాలు ఎండకు చూపడాన్ని ఏ ధర్మవేత్తా నిషేధించలేదు. మనం చేసిన తప్పల్లా పెరడు లేని ఇళ్ళు కట్టుకోవడం, నలభై రోజుల చిల్లా పేరుతో బాలింతనూ బిడ్డనూ కిటికీలు మూసిన గదిలో ఉంచడం. అద్దం కిటికీ గుండా వచ్చే ఎండలో వెచ్చదనమే తప్ప విటమిన్ తయారుచేసే కిరణాలు ఉండవు. బురఖా ఎరుగని మహిళల్లోనూ ఈ లోపం విస్తారంగా ఉంది. 2007లో తిరుపతి వైద్య పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో పల్లెవాసుల్లోనూ, అంతకంటే ఎక్కువగా పట్టణవాసుల్లోనూ ఇది బయటపడింది.

నూనె రాసి ఉదయపు లేత ఎండలో బిడ్డను పడుకోబెట్టడం మన పెద్దల అలవాటు. మంచిదే, కాని సరిపోదు. విటమిన్‌ను తయారుచేసే కిరణాలు పది గంటల నుంచి మూడు గంటల మధ్యనే బలంగా ఉంటాయి. ఆ ఎండలో పసికందును ఉంచలేము. కనుక శిశువైద్యులు పుట్టిన తొలి రోజుల నుంచే రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు, కనీసం సంవత్సరం నిండేవరకు, వేయమంటారు. అది హలాలేనా అని అడిగేవారున్నారు. విటమిన్ డి3ని చాలావరకు గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచి తయారు చేస్తారు. హలాల్ జంతువు ఉన్ని పవిత్రమైనదే గనుక దీనికై సంకోచించనక్కరలేదు.

పాలు చాలడం లేదని నెలలోపు బిడ్డకు ఆవుపాలో గేదెపాలో పట్టడం మరో ప్రమాదం. తల్లిపాలతో పోల్చితే ఆవుపాలలో భాస్వరం దాదాపు ఆరు రెట్లు. ఆ భాస్వరాన్ని లేత మూత్రపిండాలు బయటికి పంపలేవు, దాని భారంతో రక్తంలో కాల్షియం పడిపోతుంది.

మూర్ఛకు ముందే కొన్ని బిడ్డల్లో సూచనలు కనబడతాయి. కాళ్ళూ చేతులూ వణుకుతాయి. పట్టుకుంటే ఆగే వణుకు వేరు, పట్టుకున్నా ఆగని కుదుపు వేరు. రెండవది మూర్ఛ కావచ్చు. ఊపిరి తీసేటప్పుడు గొంతులో కూత వంటి శబ్దం వస్తుంది. పాలు తాగుతూ చెమటలు కక్కి ఆయాసపడితే గుండె బలహీనపడిందేమోనని అనుమానించాలి. బిడ్డకు మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఇనుప తాళం, ఉల్లిపాయ వాసన అక్కరకు రావు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నజర్ అనో, పక్షిదోషమనో బిడ్డ పొట్టపై వాతలు పెట్టే దురాచారం ఇప్పటికీ అక్కడక్కడ ఉంది. మందుగా వాడినప్పుడు కూడా వాత పెట్టడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడలేదని హదీసుల్లో ఉంది. పాలు తాగే పసికందు ఒంటిపై నిప్పు పెట్టడానికి ఏ సాకు చెబుతాము? ఎడారి అరబ్బులు వచ్చి మందు వాడవచ్చునా అని అడిగినప్పుడు, వాడమనే ఆయన సెలవిచ్చారు.

ఆస్పత్రిలో రక్తంలోని చక్కెరతో పాటు కాల్షియం, భాస్వరం, మెగ్నీషియం, విటమిన్ డి పరీక్షలు చేస్తారు. కాల్షియం తగ్గి ఉంటే గుండె చప్పుడును గమనిస్తూ నరం ద్వారా నెమ్మదిగా ఎక్కిస్తారు. ఇది ఇంట్లోనో, అర్హత లేని వైద్యుని దగ్గరో జరగవలసిన పని కాదు. సకాలంలో సరిచేస్తే ఈ మూర్ఛలు సాధారణంగా మళ్ళీ రావు, ఏళ్ళ తరబడి ఫిట్స్ మందులూ అవసరం కావు. ఈ మాట ఆడపిల్లల తల్లిదండ్రులు మరీ గుర్తుంచుకోవాలి. మూర్ఛ పిల్ల అన్న ముద్ర పెళ్ళీడు దాకా వెంటాడుతుంది. తల్లికి కూడా పరీక్ష చేయించండి.

అసలు జాగ్రత్త గర్భంలోనే మొదలుకావాలి. నాలుగో నెల నుంచి ప్రసవమైన ఆరు నెలల వరకు, 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి గల మాత్రలు రోజుకు రెండు వేసుకోవాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఆ మాత్రలు ఎన్నో ఇళ్ళలో గూట్లోనే మిగిలిపోతున్నాయి. వీటిని ఐరన్ మాత్రలతో కలిపి వేసుకోకూడదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. రమజాన్‌లో ఉపవాసముండే గర్భిణి ఒకటి సహరీ వేళ, మరొకటి ఇఫ్తార్ తరువాత భోజనంతో తీసుకోవచ్చు. తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయమున్న గర్భిణికి, పాలిచ్చే తల్లికి ఉపవాసాన్ని వాయిదా వేసి తర్వాత ఖజా చేసుకొనే వెసులుబాటు షరీఅత్ ఇచ్చింది. రాగులు, నువ్వులు, పెరుగు, ముల్లుతో తినే చిన్న చేపలు కాల్షియానికి మంచి ఆధారాలు. భార్య పళ్ళెంలో ఇవి ఉన్నాయో లేదో చూడవలసిన బాధ్యత భర్తది.

బలానికని ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ పసిబిడ్డకు వేయించడం ప్రమాదకరం. మోతాదు మించితే వాంతులు, మలబద్ధకం, మూత్రపిండాలకు హాని కలుగుతాయి. చుక్కల మందు సీసాలన్నీ ఒకే బలంతో ఉండవు. కొన్నింటిలో మిల్లీలీటరుకు 400 యూనిట్లు, కొన్నింటిలో 800. సీసా మారినప్పుడల్లా చీటీ చదివి, ఎంత వేయాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.