ప్రతిభ ఎక్కడ తయారవుతుంది?

మన డిగ్రీ కాలేజీల్లో సైన్సు ప్రాక్టికల్స్ ఎట్లా జరుగుతాయో అందరికీ తెలిసిందే. బ్యూరెట్టు రీడింగు ఎంత రావాలో సీనియర్ల రికార్డులో ముందే ఉంటది. చూసి రాస్తే మార్కులు. పరిశోధన ఇట్లాంటిది కాదు. అక్కడ జవాబు ప్రొఫెసరుకీ తెలియదు. ప్రయోగం ఎందుకు చెడింది, ఏ ఫలితాన్ని నమ్మాలి అన్నవి పుస్తకంలో దొరకవు. తంగేడు చెక్కతో తోలు ఊనడం మన తాతలు పెద్దోళ్ల పక్కన కూచునే నేర్చుకున్నారు. ఇదీ అంతే. కాబట్టి ఎవరిని పక్కన కూచోనిస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

అమెరికా నల్లజాతి విద్యావేత్తలు ఈ ప్రశ్నని సూటిగానే పట్టుకున్నారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ శాఖలో ఫ్రీమన్ హ్రబౌస్కి చొరవతో, రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో 1988లో మేయర్‌హాఫ్ కార్యక్రమం మొదలైంది. 1989లో 19 మంది నల్లజాతి కుర్రవాళ్లు చేరారు. ఆ తర్వాత అమ్మాయిలనీ తీసుకున్నారు. స్కాలర్‌షిప్పు ఇచ్చి చేతులు దులుపుకోలేదు. క్లాసులు మొదలుకాక ముందే వేసవిలో తర్ఫీదిచ్చారు, జట్టుగా చదవడం అలవాటు చేశారు. రసాయనశాస్త్రమైనా, జీవశాస్త్రమైనా, ఇంజనీరింగయినా అధ్యాపకుల లేబొరేటరీల్లో పనికి పెట్టారు. 1994లో కోర్టు మేరీలాండ్‌లోనే మరో నల్లజాతి స్కాలర్‌షిప్పుని కొట్టేసింది. దాంతో 1996 నుంచి దీన్ని అన్ని జాతులకీ తెరిచారు. పద్ధతి మాత్రం నిలిచింది.

అందులో చదివి 2008లో డిగ్రీ పొందిన నల్లజాతి యువతి కిజ్మెకియా కార్బెట్. విద్యార్థినిగా ఉన్నప్పుడే జాతీయ ఆరోగ్య సంస్థలో బార్నీ గ్రాహం లేబొరేటరీలో పని నేర్చుకుంది. పీహెచ్‌డీ అయ్యాక 2014లో అక్కడికే తిరిగొచ్చింది. 2020లో మోడెర్నా కోవిడ్ టీకాకి మూలమైన పరిశోధనలో ముందు నిలిచింది. ఆమె ప్రతిభని ఎవరు కాదంటారు? కానీ ఆ తలుపు తెరుచుకోకపోతే ఆ ప్రతిభ ఎవరికి కనపడేది?

మనకి రిజర్వేషను సీటు ఇస్తది, లేబొరేటరీ తాళం ఇవ్వదు. వేసవిలో ఎవరిని చేర్చుకోవాలన్నది చాలాచోట్ల ప్రొఫెసరు ఇష్టం. ఇష్టం పరిచయాన్ని బట్టి, పరిచయం కులాన్ని బట్టి నడుస్తది. తర్వాత అదే ‘ప్రతిభ’ అయి కూచుంటది.

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏళ్లుగా వేసవి పరిశోధనా ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. విద్యార్థులకే కాదు, అధ్యాపకులకీ ఇస్తాయి. దరఖాస్తు చెయ్యాలంటే విద్యార్థికి టీచరు సిఫారసు ఉత్తరం కావాలి. ఆ సంగతి మన పిల్లలకి చెప్పేదెవరు? ఉత్తరం రాసేదెవరు? ఈ పత్రిక చదివే అధ్యాపకులారా, వెనక బెంచీలో కూచుని అడగడానికి జంకే పిల్లని మీరే పిలవండి. ఆ ఉత్తరం మీరే రాయండి.