దమ్ము మందు నాలుక మీదనే ఆగుతోంది

సుల్తానాబాద్ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసి, ఏండ్ల తరబడి ఊకదుమ్ము మింగిన ముసలి హమాలీలకు నాలుగడుగులు వేస్తే దమ్ము. కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్లదీ అదే గతి. బీడీ కారణం కాదని మేము అనము. అదొక్కటే కారణమనేవాళ్లు ఒక పూట మిల్లులో నిలబడి చూడాలి.

ఇన్హేలర్ ఇస్తే, "పంపు అలవాటైతదట, గోలీయే నయం" అంటున్నారు. సాల్‌బుటమాల్ గోలీలో 4 మిల్లీగ్రాముల మందుంటే, పంపు ఒక్కసారి కొడితే వచ్చేది 100 మైక్రోగ్రాములే, అంటే నలభయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది కనుక అంతే చాలు. గోలీ ఒళ్లంతా తిరిగి చేతులు వణికిస్తుంది, గుండెదడ పెంచుతుంది.

మేము చూసిన ఒక తాత ముందు పంపు కొట్టి, తర్వాత తీరిగ్గా పీలుస్తున్నాడు. మందంతా నాలుక మీదనే! ఆయనకు చూపించినవారే లేరు. ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. నెమ్మదిగా పీలుస్తూనే నొక్కాలి. పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. స్టెరాయిడ్ మందైతే తర్వాత నోరు పుక్కిలించాలి. వణికే చేతులకు ఇదంతా కుదరదు. స్పేసర్ గొట్టం తగిలిస్తే కుదురుతుంది.

2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఈ పంపు ఉంది. సర్కారు దవాఖానాల్లో పంపుతోపాటు స్పేసర్ కూడా ఉచితంగా ఇవ్వాలి, వచ్చిన ప్రతిసారీ రోగి చేత కొట్టించి చూడాలి. మిల్లుల్లో దుమ్ము లాగే యంత్రాలు యజమానులు తమ ఖర్చుతో పెట్టాలి.