కొండాపూర్ సంతకం, కోడూరు చౌడు

సైబర్ టవర్స్ నిలబడ్డ నేల సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. కింద అంతా గ్రానైట్. మాదాపూర్‌లో బోరు ఎండిపోవచ్చు గానీ అందులోకి సముద్రం రాదు. అయినా సముద్రంతో లెక్కలున్న వాళ్లు ఈ ఐటీ కారిడార్‌లో తక్కువేం కాదు. 1998లో ఆ టవర్స్ తెరుచుకున్నాక కృష్ణా, గోదావరి డెల్టాల పిల్లలు ఇంజనీరింగ్ పట్టాలతో వచ్చి ముందు హాస్టళ్లలో దిగారు, తర్వాత కొండాపూర్, మియాపూర్, నిజాంపేటల్లో ఫ్లాట్లు కొనుక్కున్నారు. ఊళ్లో పొలం మాత్రం చాలామంది అమ్మలేదు. పాస్‌పుస్తకం ఇక్కడి బీరువాలో ఉంటుంది, చేలో దిగేది అక్కడి కౌలు రైతు.

ఆ పొలం దివిసీమ శివారులో ఉందనుకోండి. కోడూరు, నాగాయలంక మండలాల్లో కాలవ నీరు అన్నిటికంటే ఆఖరున అందుతుంది, ఉప్పునీరు అన్నిటికంటే ముందు చేరుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ప్రాణాలతోపాటు పొలాలూ పోయాయి, నీరు తీశాక ఉప్పు మిగిలింది. ఇప్పటి ఉప్పు అలా ఒక్క రాత్రిలో మీద పడదు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు సముద్రం నదిలోకీ డ్రెయిన్లలోకీ ఎగదన్నుకొస్తుంది. డ్రెయిన్ మొగ పూడిపోయి, స్లూయిస్ తలుపులు తుప్పు పట్టి ఉంటే చేలో నీళ్లు బయటికి పోవు, బయటి నీళ్లే చేలోకి వస్తాయి. ఎగువ నుంచి నది తోస్తే సముద్రం వెనక్కి తగ్గుతుంది. కానీ వేసవిలో ప్రకాశం బ్యారేజీ దాటి వచ్చే నీరెంత? బ్యారేజీకి దిగువన చోడవరం దగ్గరా బండికొల్లంక దగ్గరా ఇంకో రెండు బ్యారేజీలు కట్టాలని ప్రతిపాదించారు. అవి కాగితం మీదే ఉన్నాయి.

హైదరాబాద్ కొళాయిల్లోనూ కృష్ణా నీళ్లున్నాయి కదా, తప్పు ఈ నగరానిదేనా అంటే, కాదు. నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి నగరానికి మూడు దశల్లో వచ్చే కృష్ణా నీరు ఏడాదికి 16.5 టీఎంసీలు. డెల్టా వాటా 181 టీఎంసీల పైమాటే. నగరం పాత్ర ఇంకోచోట ఉంది.

వరి ఉప్పుకు పెద్దగా ఓర్చుకునే పైరు కాదు. భూసార పరీక్ష కాగితంలో ఉప్పును చూపే ఈసీ అంకె 3 దాటితే, ఆపైన పెరిగే ఒక్కో పాయింటుకూ దిగుబడి దాదాపు 12 శాతం పడిపోతుందని లెక్క. లేత నారప్పుడూ పూత మీదా మరీ గడ్డు. చేలో మంచినీళ్లు నిలబడి ఉన్నంత కాలం ఉప్పు అడుక్కు అణిగి ఉంటుంది. కాలవ పది రోజులు ఆలస్యమైతే ఎండకు పైకి తేలి తెల్లగా పొర కడుతుంది. మచిలీపట్నం పరిశోధన స్థానం ఇలాంటి నేలలకే ఎంసీఎం-100, ఎంసీఎం-103 లాంటి వంగడాలు తెచ్చింది. అవి ఉప్పును కొంత తట్టుకుంటాయి, నీళ్ల కరువును తీర్చలేవు.

భూమిలోపలి కథ ఇంకా సున్నితం. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే దాని కింద 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. ఆ ఒక్క అడుగూ తోడేస్తే 40 అడుగులూ ఉప్పుకు అప్పజెప్పినట్టే. బాపట్ల, చీరాల ఇసక నేలల పాతకాపులకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. వాళ్లు లోతుకు పోకుండా దొరువులు తవ్వి, పైనున్న తేట మాత్రమే తీసుకునేవారు. బాపట్లలోని ఉప్పునేలల పరిశోధన కేంద్రం ఆ పద్ధతినే మెరుగుపరిచి, తక్కువ లోతులో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి నీటిని బావిలోకి చేర్చింది. హైదరాబాద్‌లో అలవాటైన విద్య దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇక్కడ నీళ్లు పడకపోతే ఇంకో 200 అడుగులు దింపమంటాం. అదే సలహా ఫోన్లో కోడూరుకు చెప్పామా, పక్క చేల బోర్లు కూడా ఉప్పెక్కుతాయి.

ఇంకో తేలిక దారి చెరువు. 2009లో వెనామీ రొయ్య వచ్చాక చౌడు పొలానికి కూడా ధర పలికింది. వరి మక్తా కంటే చెరువు లీజు ఎన్నో రెట్లు, నెల జీతం మీద బతికే యజమానికి కాదనడం కష్టం. చెరువులో పెట్టిన ఉప్పునీరు గట్టు దాటి పక్క వరిచేలోకి ఊరుతుంది, ఆపైన ఆ పక్కవాడూ చెరువే తవ్వుకోవాలి. 1996లో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులను కట్టడి చేస్తూ తీర్పిచ్చింది, 2005లో చట్టమొచ్చింది. చెరువులు ఆగాయా?

కోనసీమలోనూ ఇదే బాధ. శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరితోటలు మోడులయ్యాయి. 2025 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి కేశనపల్లి వెళ్లి చూశారు. కోనసీమకు తెలంగాణ దిష్టి తగిలిందన్నట్టు అక్కడ ఆయన అన్న మాట మీద హైదరాబాద్‌లో దుమారం లేచింది. ఎండిన చెట్ల కంటే ఆ మాటే పెద్ద వార్తయింది.

చిత్రమేమిటంటే, ఆ సముద్రాన్ని రాత్రింబవళ్లు కనిపెట్టే సంస్థ ఈ కారిడార్ పక్కనే, ప్రగతినగర్‌లో ఉంది. 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరికలతోపాటు ఎత్తైన అలల సమాచారమూ తీరానికి పంపుతుంది. కబురు ఇక్కడి నుంచి వెళుతుంది. వెళ్లాల్సిన ఇంకో కాగితమే ఇక్కడ ఆగిపోతోంది.

2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. ఒప్పందం 11 నెలలకే, భూమి హక్కుకు ఢోకా లేదని చట్టమే చెబుతోంది. అయినా, ‘రేపు పొలం నాదంటాడేమో’ అన్న భయం పోదు. కార్డు లేకపోతే పంటరుణం, పెట్టుబడి రాయితీ, పంట నష్టపరిహారం చౌడులో మునిగినవాడికి అందడం కష్టం. ఉప్పు రాకముందు ఒప్పుకున్న బస్తాల మక్తా మాత్రం చెల్లించాల్సిందే.

కౌలు మాటలు తెగేది ఖరీఫ్ ముందు. ఊరి నుంచి ఫోన్ వచ్చేదీ అప్పుడే. ఈసారి మక్తా ఎంతో తేల్చుకునే ముందు భూసార కాగితంలో ఈసీ ఎంతుందో, డ్రెయిన్ పూడిక తీశారో లేదో అడగండి. మక్తా ఆ అంకె చూసి తగ్గించండి. కార్డు కాగితం పంపిస్తే సంతకం పెట్టి తిప్పి పంపండి.